టోకెన్ డబ్బాలో, పిన్ టేపు మీద

ప్రశ్న: మేం విదేశాల నుంచి మెషీన్ స్పేర్ పార్టులు తెప్పిస్తాం. కస్టమ్స్ వాళ్ల వెబ్‌సైట్ ఐస్‌గేట్‌లో బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి సరుకు వివరాల పత్రం) మీద సంతకం చేయబోతే మా డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ (సంతకం ఉండే పెన్‌డ్రైవ్ లాంటిది) దొరకడం లేదని చూపిస్తోంది. మా కస్టమ్స్ బ్రోకరేమో ‘టోకెన్, పిన్ నా దగ్గర వదిలేయండి సార్, నేను చూసుకుంటా’ అంటున్నారు. ఇవ్వొచ్చా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: సర్టిఫికెట్ గడువు చూడండి. టోకెన్ డ్రైవరు తీసేసి మళ్లీ వేయండి, ఇంకో యూఎస్‌బీ పోర్టు ప్రయత్నించండి. మీ రిపేరు అక్కడితో అయిపోయింది.

టోకెన్ మాత్రం ఇవ్వకండి. ఈ ప్రశ్న నాకు నెలకోసారైనా వస్తుంది. ఒక బ్రోకర్ ఆఫీసులో నా కళ్లతో చూశాను: బిస్కెట్ డబ్బా నిండా టోకెన్లు. ఒక్కోదానికి తెల్ల టేపు, దాని మీద కంపెనీ పేరు, కింద మార్కరుతో పిన్. టీ ఇచ్చే కుర్రాడు కూడా ఎవరి సంతకమైనా పెట్టేయొచ్చు.

2011 నుంచి సుంకం లెక్క దిగుమతిదారుడే స్వయంగా వేసుకోవాలి. ప్రకటించే విలువంటే ఇన్‌వాయిస్ ధర ఒక్కటే కాదు. రవాణా, బీమా, కొన్ని సందర్భాల్లో రాయల్టీ కూడా కలుస్తాయి. బీమా ఎంతో తెలియనప్పుడు ఎఫ్‌ఓబీ విలువపై (అంటే సరుకు అక్కడ ఓడెక్కేదాకా అయ్యే ధరపై) 1.125 శాతం లెక్కేస్తారు. మీ దగ్గర పాలసీ ఉన్నా బ్రోకర్ అడగకుండా అదే వేసేస్తే మీకు తెలిసేదెలా? తెలిసి తప్పుడు వివరాలిస్తే కస్టమ్స్ చట్టం 114ఏఏ సెక్షన్ కింద సరుకు విలువకు ఐదు రెట్ల దాకా జరిమానా పడొచ్చు. అప్పుడు ‘సంతకం నేను పెట్టలేదండీ’ అన్నా, రికార్డులో ఉండేది మీ పేరే. పైగా చాలామంది జీఎస్టీకీ, ఇన్‌కమ్ ట్యాక్స్‌కీ, టెండర్లకీ ఇదే టోకెన్ వాడతారు.

అసలు ఇచ్చే అవసరమే లేదు. లైసెన్సున్న బ్రోకర్ మీ అనుమతి పత్రంతో తన సొంత సిగ్నేచర్‌తోనే ఫైల్ చేయొచ్చు. మీ టోకెనే కావాలని పట్టుబడితే బ్రోకర్ని మార్చండి.

తప్పంతా వాడేవాళ్లదే అనను. ఈ టోకెన్లతో వచ్చే సాఫ్ట్‌వేర్ చూస్తే ఒళ్లు మండుతుంది. యాంటీవైరస్ ఆపమంటుంది, అడ్మినిస్ట్రేటర్‌గా నడపమంటుంది, బ్రౌజర్ అప్‌డేటైతే మూగబోతుంది. సంతకాన్ని కాపాడాల్సిన సరుకే తలుపులన్నీ తీసి పెట్టమంటోంది! విసుగెత్తిన మనిషి డబ్బాలో పడేసి రాక ఏం చేస్తాడు?

ఇప్పటికే పిన్ చెప్పేసి ఉంటే ఈరోజే మార్చేయండి. టోకెన్ వాళ్ల దగ్గరే ఉండి తిరిగి రాకపోతే, జారీ చేసిన సంస్థకు చెప్పి సర్టిఫికెట్ రద్దు చేయించండి.