వాట్సాప్‌లో పంపితే మందారం ఈనెలు మాయం: ఇలా చేయండి

తప్పు మీ కెమెరాది కాదు. మందార రేకుమీది ఈనెలు, గోడమీది చేర్యాల బొమ్మలోని సన్నగీతలు మీ గ్యాలరీలో స్పష్టంగా ఉండి, మీ అక్కయ్య ఫోనులో అలుక్కుపోతున్నాయంటే పంపేటప్పుడు వాట్సాప్ ఆ ఫొటోలను కుదిస్తోంది. హెచ్‌డీ ఎంచుకుంటే కొంత మేలు, అయినా కుదింపు తప్పదు.

1. అటాచ్ గుర్తు నొక్కి, గ్యాలరీ బదులు డాక్యుమెంట్ ఎంచుకోండి. అప్పుడు ఫొటో కుదించకుండా వెళ్తుంది.
2. పంపే ముందు గ్యాలరీలో ఫొటో వివరాలు తెరిచి లొకేషన్ (ఫొటో తీసిన చోటు) తొలగించండి. అందరూ మరిచేది ఇదే. మామూలుగా పంపితే వాట్సాప్ ఆ వివరాన్ని తీసేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వెళ్తుంది. పెరటి మందారంతో పాటు ఇంటి చిరునామా పంచినట్టే!
3. ఇకపై తీసేవాటికి కెమెరా సెట్టింగుల్లోనే లొకేషన్ ఆపేయండి.

ఇప్పటికే పంపినవి బాగుపడవు, అసలు ఫొటోలే మళ్లీ పంపాలి.