టూర్‌లో రంగుల పెట్టె

తమ్ముడూ,

ఈసారి టూర్‌కి వయొలిన్‌తో పాటు నీటిరంగులు కూడా తీసుకెళ్తున్నావని విని చాలా సంతోషించాను. ముప్పై ఏళ్లుగా కచేరీలకు తిరుగుతూ బొమ్మలు వేస్తున్నవాణ్ణి కాబట్టి కొన్ని మాటలు ముందే చెబుతున్నాను.

బొమ్మల కోసం విడిగా తీరిక దొరుకుతుందని చూడకు, దొరకదు. సౌండ్ చెక్ అయ్యాక పిలుపొచ్చేదాకా ఉండే గంట, రైలు ఆలస్యమైన నలభై నిమిషాలు, అవే మనవి. అందుకే కాగితం అరచేతికంటే కాస్త పెద్దదైతే చాలు. నాణ్యత దగ్గర మాత్రం పొదుపు చెయ్యకు, 300 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే నూలు కాగితమే కొను. పల్చటిది తడవగానే ఉబ్బి గుంటలు పడుతుంది, రంగంతా వాటిలోకి చేరుతుంది.

ట్యూబులకన్నా బిళ్లలు మేలు. ఎండినా తడి తగలగానే కరుగుతాయి. ఆరేడు రంగులు చాలు. అల్ట్రామెరైన్ నీలంలో బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమరంగు కలిపి చూడు, మబ్బులకీ నీడలకీ కావలసిన బూడిద రంగులన్నీ వస్తాయి. నేను నల్లరంగు కొని చాలా ఏళ్లయింది.

అన్నిటికన్నా కష్టం ఆగడం. తడిపిన కాగితాన్ని వాలుగా పట్టుకుని చూడు. మొదట అద్దంలా మెరుస్తుంది, తర్వాత ఆ మెరుపు మెల్లగా తగ్గుతుంది. నిండుగా మెరుస్తున్నప్పుడు రెండో రంగు వేస్తే మెత్తగా కలిసిపోతుంది. పూర్తిగా ఆరాక వేస్తే అంచు స్పష్టంగా నిలుస్తుంది. మెరుపు పోయి తడి మాత్రం మిగిలినప్పుడు నీళ్లెక్కువున్న కుంచె పెట్టావో, కాలీఫ్లవర్‌లా మరక విచ్చుకుంటుంది. సర్దబోతే ఇంకా పాడవుతుంది. విరామం లెక్కపెట్టుకుని సరిగ్గా అందుకోవడం నీకొచ్చిన విద్యే, ఇదీ అలాంటిదే. ఏసీ గదిలో ఇట్టే ఆరుతుంది, వాన రోజున ఎంతకీ ఆరదు. గడియారం మానేసి కాగితాన్నే చూడు.

సాధన చేసిన చేత్తో కాగితం ముట్టుకోకు. కమానుకు రాసే రోజిన్ పొడి, చేతి జిడ్డు అంటినచోట రంగు పట్టదు.

నీళ్లసీసాను మాత్రం వయొలిన్ పెట్టెలో ఎప్పుడూ పెట్టకు. నేను ఒకసారి పెట్టాను. మూత వదులై రాత్రంతా కారింది, పొద్దున చూస్తే కింది పలక అంచు విడిపోయి ఉంది. ఆ అతుకుల జిగురు తోలు కాచి తీసింది, తడికి మెత్తబడుతుంది. ఆ సాయంత్రం అరువు వయొలిన్‌తో వాయించాను. ఆ బాధ నీకొద్దు. విమానమెక్కేటప్పుడు ఖాళీ సీసా పట్టుకెళ్లి, తనిఖీ దాటాక నింపుకో.

కచేరీకి అరగంట ముందు, బొమ్మ ఎంతవరకు వస్తే అంతవరకే ఆపెయ్యి. కుంచె మొనను నోట్లో పెట్టి సర్దకు, కాడ్మియం రంగుల్లాంటివి విషం. తడి ఆరకుండా పుస్తకం మూయకు.

ఆరాక వెనకవైపు ఊరు, తేదీ, ఆ రాత్రి మొదట వాయించిన పాట రాసిపెట్టు. నా పాత పుస్తకాల్లో ఒక కిటికీ, దాని బయట తడిసిన ఇంటికప్పులు ఉన్న బొమ్మ ఒకటుంది. నాకెంతో ఇష్టం. ఏ ఊరో మాత్రం ఎంత ఆలోచించినా గుర్తురావడం లేదు.

ఆశీస్సులతో,
అన్నయ్య