చాందీపూర్ వెళ్లేముందు తిథి చూసుకో

చి. లలితకు,

బరంపురం నుంచి మీ పెదనాన్న ఆశీస్సులు. డిసెంబరు సెలవులకి పిల్లలతో ఒడిశా ఉత్తరాన ఉన్న చాందీపూర్ సముద్రతీరానికి వెళ్తున్నారని మీ నాన్న చెప్పాడు. చలికాలమే మంచిది, వెళ్లండి. కానీ టికెట్లు తీసేముందు క్యాలెండరు చూడు.

అది మన గోపాల్‌పూర్ సముద్రంలా ఉండదమ్మా. నేల బాగా చదును. అందుకని నీరు తీసిందంటే 5 కిలోమీటర్ల దాకా వెనక్కి పోతుంది, మళ్లీ వస్తుంది. రోజుకి రెండుసార్లు ఇదే వరస. ఆటుకీ పోటుకీ మధ్య ఆరు గంటల పైచిలుకు ఉంటుంది. పైగా ఆ టైము రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అందుకే కిందటి వారం వెళ్లొచ్చినవాళ్లు చెప్పిన టైము నీకు పనికిరాదు.

మొదటిసారి నేనిదేమీ కనుక్కోకుండా వెళ్లాను. మధ్యాహ్నం దిగితే గట్టు దాకా నీళ్లే. "ఇది చూడ్డానికా ఇంత దూరం?" అంది మీ పెద్దమ్మ. మర్నాడు తెల్లారి నీరు తీసింది గానీ, మేము టిఫిన్లు తిని తాపీగా ఎనిమిదింటికి బయల్దేరాం. రెండు కిలోమీటర్లు నడిచాక చూస్తే పోటు మొదలైపోయింది. ఎదుటి నీరు మెల్లగానే వస్తోంది, కానీ మా వెనక పల్లంలో ఉన్న పాయలు అప్పటికే నిండిపోయాయి. మీ అన్నయ్యని భుజాన ఎక్కించుకుని మోకాటి లోతులో ఒడ్డుకొచ్చాను. ఆ రోజు పడ్డ టెన్షన్ ఇంకా గుర్తే.

పున్నమికీ అమావాస్యకీ ఆటుపోట్లు పెద్దవి, అష్టమి దగ్గర చిన్నవి. పున్నమో అమావాస్యో దాటిన ఒకటి రెండు రోజులకి పెట్టుకుని, గది బుక్ చేసేటప్పుడే ఆ రోజు నీరు ఎన్నింటికి తీస్తుందో అడుగు. బాగా తీసే టైముకి గంటన్నర ముందే దిగి, వెనక్కి పోయే నీటి వెంటే నడవండి. అది ఆగిందంటే తిరిగి వచ్చేయాలి. పిల్లలు ఏడ్చినా సరే. గవ్వ పెంకులు గుచ్చుకుంటాయి, పాత శాండిల్స్ వేసుకోండి.

ఎర్ర పీతలు వాటంతటవే కనిపిస్తాయి. అదృష్టం బాగుంటే గుర్రపు డెక్క ఆకారంలో పీతలాంటి ఇంకో జీవి కూడా. దాని తోక సూదిలా ఉంటుంది గానీ కుట్టదు. వెల్లకిలా పడి ఉంటే డిప్ప అంచు పట్టుకుని బోర్లా తిప్పండి, తోక మాత్రం లాగొద్దు. ఇంటికి తెద్దామంటారు పిల్లలు. చట్టం ఒప్పుకోదని చెప్పు. క్షిపణి పరీక్షా కేంద్రం ఉన్నది ఆ ఊళ్లోనే, ఆ కంచె వైపు ఫొటోలు తియ్యకండి.

ఇక రైలు. ముందురోజు సాయంత్రానికి మా ఇంటికి వచ్చేయండి, పొద్దున్న బండి ఎక్కిస్తాను. బాలేశ్వర్‌లో దిగితే అక్కడి నుంచి ఆటోలో 16 కిలోమీటర్లు. బండి వెళ్లే దిక్కుకి కుడి వైపు కిటికీలు పట్టుకోండి. ఋషికుల్య వంతెన, హుమ్మా ఉప్పు మళ్లు దాటాక రంభ దగ్గర చిలికా సరస్సు మొదలవుతుంది. చలికాలం కదా, ఎక్కడెక్కడి పక్షులో దిగి ఉంటాయి. ఏసీ బోగీ వద్దని నా మాట. ఆ మాసిన అద్దంలోంచి ఏం కనిపిస్తుంది? పగటి ప్రయాణమే కదా, స్లీపర్ చాలు. నిజానికి చిలికా అందం తిరిగి వచ్చేటప్పుడే. సరస్సు తూర్పున ఉంది కాబట్టి పొద్దున్న ఎండ కళ్లలో కొడుతుంది, సాయంత్రం అదే ఎండ నీటి మీద పడుతుంది. చీకటి పడకముందే సరస్సు ఒడ్డునున్న బాలుగావ్ చేరే బండి చూసుకో. అప్పుడు ఎడమ వైపు కూర్చోవాలి.

మీ పెద్దమ్మ పులిహోర కట్టిస్తానంటోంది. బాలుగావ్ దాటేదాకా డబ్బా విప్పకు. ముందే విప్పితే పిల్లలు ఇంక కిటికీ వైపు చూడరు.

మీ పెదనాన్న