ప్రాణంగా పెంచుకున్న గుర్రాన్ని అమ్మాల్సి వస్తే

అయిదేళ్లుగా ఊళ్లో ఒక కాఠియావాడీ జాతి మగ గుర్రాన్ని పెంచుకుంటున్నానని, ఇప్పుడు పెళ్లి కుదిరి, బెంగుళూరులో ఉద్యోగం కూడా వచ్చిందని, ఇంట్లో అమ్మానాన్నల వల్ల దాని పని కాదని రాశారు. అమ్మితే ద్రోహం చేసినట్టేనా అని అడిగారు.

నేను అమ్మాను. అందుకే రాస్తున్నాను. మాది బోధన్ దగ్గర ఊరు. నా గుర్రం పేరు కాజల్. హీరోయిన్ పేరు పెట్టావేంట్రా అని ఊరంతా ఆటపట్టించేవాళ్లు గానీ, ఆ పేరు మాకు అమ్మిన మరాఠీ ఆయన పెట్టిందే. నాందేడ్ జిల్లా లోహా తాలూకాలో ఉన్న మాలేగావ్ ఖండోబా జాతరలో కొన్నాం. నాసిక్ దగ్గరి మాలేగావ్ వేరు, ఇది వేరు. మార్వాడీ జాతి ఆడగుర్రం, నలుపు కలిసిన గోధుమ రంగు. చెవులు నిక్కబొడిస్తే రెండు కొసలూ లోపలికి తిరిగి ఒకదానికొకటి తగిలేవి. రేవాల్ అనే కుదుపులేని వేగపు నడకలో పడిందంటే పైన కూర్చున్నవాడి చేతిలో చాయ్ తొణికేది కాదు. ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, ఇష్టం లేక అమ్మాననుకోవద్దని.

నాన్నకు పక్షవాతం వచ్చింది. ఫిజియోథెరపీ కోసం ఇల్లు హైదరాబాద్‌కు మార్చాం. పొలం కౌలుకిచ్చాం, గేదెల్ని పెద్దనాన్న వాళ్లు తోలుకుపోయారు. కాజల్ కోసం ఒక పిల్లాణ్ని జీతానికి పెట్టి నేను వారం వారం వెళ్లొచ్చేవాణ్ని. ఆ పిల్లాడు మంచివాడు, వేళకు మేత వేసేవాడు, కొట్టం శుభ్రంగా ఉంచేవాడు. అయినా గుర్రం పాడవడం మొదలైంది. ఆ సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మీరు వెళ్లిపోయాక మీ దగ్గరా జరిగేది అదే.

గేదెకు గడ్డేసి నీళ్లు పెడితే పూట గడుస్తుంది. గుర్రానికి మనిషి కావాలి, పని కావాలి, తోడు కావాలి. దాని కడుపు ఒంటితో పోలిస్తే చిన్నది. రోజంతా కొంచెం కొంచెంగా మేస్తూ తిరిగే జంతువు అది. 350 కిలోల గుర్రానికి రోజుకు ఆరేడు కిలోల ఎండు మేత పడుతుంది. దాన్ని రెండు పూటలుగా కుమ్మరించి పోతే రెండు మూడు గంటల్లో ముగించి మిగతా రోజంతా గోడ చూస్తూ నిలబడుతుంది. పైగా గుర్రం కక్కుకోలేదు. మేతలో తేడా వస్తే కడుపునొప్పితో నేల మీద పడి దొర్లుతుంది, ఆ రాత్రి డాక్టరు దొరక్కపోతే ప్రాణమే పోవచ్చు. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కించాలి. మా వైపు నాల్‌బంద్, అంటే గిట్టలు చెక్కి నాడాలు కొట్టే మనిషి, దొరకడమే కష్టం, ఫోన్ మీద ఫోన్ చేసి నాందేడ్ నుంచి పిలిపించుకోవాల్సి వచ్చేది. ఇవన్నీ జీతగాడికి అప్పజెప్పొచ్చు. రోజూ జీనేసి గంటసేపు తిప్పడం మాత్రం అప్పజెప్పలేకపోయాను, ఆ పిల్లాడికి స్వారీ రాదు, నేర్పేంత టైమ్ నాకు లేదు.

కాజల్ కొయ్యను పళ్లతో పట్టుకుని గాలి మింగడం మొదలుపెట్టింది. పశువుల డాక్టరు చూసి, రోగం కాదు, తోచక చేస్తోంది, ఒకసారి అలవాటు పడితే పోవడం కష్టం అన్నాడు. నా నిర్ణయం ఆ రోజే అయిపోయింది. ఖర్చు లెక్క ఆ తర్వాత వేసుకున్నాను. దాణా, జీతం, నాల్‌బంద్, మందులు కలిపి చిన్నదేం కాదు, కానీ డబ్బు ఒక్కటే సమస్య అయితే ఎలాగో ఈడ్చేవాణ్నేమో.

మీరు కూడా ముందు ఈ ఒక్కటి తేల్చుకోండి: మీరు లేని రోజుల్లో దాని మీద ఎవరు ఎక్కుతారు, ఎవరు తిప్పుతారు? తమ్ముడో, బాబాయి కొడుకో ఉండి, వాడికి నిజంగా పిచ్చి ఉంటే ఉంచుకోండి, అమ్మక్కర్లేదు. అలాంటి మనిషి లేకపోతే, 'ఒక ఏడాది చూద్దాం' అని వాయిదా వెయ్యకండి. చూసుకుంటే గుర్రం 25, 30 ఏళ్లు బతుకుతుంది. ఇప్పుడు దాని ఒళ్లు బాగుంది, మంచి అలవాట్లున్నాయి, ఎవరికివ్వాలో మీరు ఎంచుకునే వీలుంది. ఏడాది పనిలేకుండా నిలబడి, ఒళ్లు వచ్చి, కరవడం తన్నడం నేర్చుకున్నాక మంచివాళ్లు కొనరు. అప్పుడు వచ్చేది దళారులే.

అమ్మకుండా వేరే దారులున్నాయా అంటే ఉన్నాయి, నేనూ తిరిగాను. హైదరాబాద్ చుట్టుపక్కల, మొయినాబాద్ వైపు, గుర్రపుస్వారీ నేర్పే చోట్ల నెలవారీ డబ్బు కట్టి ఉంచుకోవచ్చు. బెంగుళూరు చుట్టూ కూడా అలాంటివి ఉన్నాయి. ఊళ్లో అయ్యే ఖర్చుకు రెట్టింపు పైనే అడిగారు నన్ను. కొత్త కాపురం, అద్దె, బెంగుళూరు ట్రాఫిక్... మీరు వారానికి ఒక్కసారి వెళ్తే గొప్ప. గుర్రాన్ని పాఠాలకు వాడుకుంటాం, ఖర్చు సగం మేం పెట్టుకుంటాం అనేవాళ్లూ ఉంటారు. గుర్రం నెమ్మదైనదైతే అది మంచి ఏర్పాటే. కాజల్ లాంటి ఉడుకు గుర్రం మీద రోజుకో కొత్త పిల్లాణ్ని ఎక్కిస్తే పిల్లాడికీ దానికీ ఇద్దరికీ ముప్పే. మీది ఎలాంటిదో మీకే తెలుసు.

ఇక ఊరికే ఇచ్చేయడం. మనసుకు ఇదే హాయిగా అనిపిస్తుంది, డబ్బు ముట్టలేదు కదా అని. నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఊరికే వచ్చిన దాన్ని ఊరికే వదిలించుకుంటారు. తీసుకున్నవాడు రెండు నెలల్లో ఇంకొకడికి అమ్ముకున్నా అతనికి పోయేదేమీ లేదు. న్యాయమైన ధర తీసుకోండి. జేబులోంచి డబ్బు తీసి కొన్నవాడు మేత దగ్గర కక్కుర్తి పడడు, జబ్బు చేస్తే డాక్టర్ని పిలుస్తాడు.

గుర్రం ముసలిదైనా, కుంటుతున్నా నేను చెప్పేదంతా మారిపోతుంది. 20 ఏళ్లు దాటిన గుర్రాన్ని అమ్మకండి. దాన్ని కొనేవాడు ఎందుకు కొంటాడో ఒక్క నిమిషం ఆలోచించండి. ఇటుకబట్టీకో, బండికో పోతుంది. అలాంటి దానికి ఎలాగైనా చివరిదాకా మీరే నీడ చూపించాలి, బాధ తట్టుకోలేని స్థితి వస్తే డాక్టరు చేత నిద్రలోనే పంపించాలి. వయసు ఎంతో తెలియకపోతే పళ్లు చూపించండి. 5 ఏళ్లకు ముందుపళ్లన్నీ మారి పూర్తవుతాయి. 10 ఏళ్ల ప్రాంతంలో పైదవడ చివరి ముందుపంటి మీద చిగుళ్ల దగ్గర ఒక గాడి కనిపించి, 15కి సగం దాకా, 20కి కొస దాకా దిగుతుంది. కొన్నేళ్లు అటూ ఇటూ అవుతుంది గానీ, కొనేవాడు నోరు తెరిచి చూసేది దాన్నే.

కొనడానికి నా దగ్గరికి వచ్చినవాళ్ల సంగతి చెప్తాను. మొదట వచ్చింది పెళ్లి బరాత్‌లకు గుర్రాలు తిప్పే ఆయన. మంచి ధర చెప్పాడు, చెప్పగానే డబ్బు చేతిలో పెట్టేలా ఉన్నాడు. ఆ వృత్తిలో అందరూ చెడ్డవాళ్లని అనను, గుర్రాన్ని బిడ్డలా చూసుకునే ముసలాయన్ని పాతబస్తీలో నేనే చూశాను. కానీ డీజే బాక్సుల ముందు, టపాసుల మధ్య అర్ధరాత్రి దాకా నిలబడాలి. మూఢం వచ్చిందంటే పెళ్లిళ్లు ఉండవు, రాబడి ఆగుతుంది, ముందు కోత పడేది దాణాకే. ఆయన సంచిలో ముళ్ల కళ్లెం కనపడింది. అది వాడకూడదని 1965 నాటి కేంద్ర ప్రభుత్వ నిబంధనల్లోనే ఉంది. వద్దులెండి అన్నాను. మీ దగ్గరికి వచ్చినవాళ్ల మాటలు వినడం కంటే వాళ్ల కళ్లెం చూడండి, చాలా తెలుస్తుంది.

తర్వాత ఒక దళారి. చేతి మీద తువ్వాలు కప్పి వేళ్లు పట్టి బేరం మొదలుపెట్టాడు. గుర్రానికి ఎదురుగా ఉన్నది మేమిద్దరమే, ఎవరి నుంచి దాస్తున్నాడో నాకర్థం కాలేదు. మెడ మీద సుడి మంచిది కాదని, అందుకే ధర తగ్గుతుందని అన్నాడు. సుడుల పట్టింపు మన దగ్గర ఎడ్లకూ ఉంది, గుర్రాలకూ ఉంది. నమ్మేవాళ్లను నేనేమీ అనను, కానీ సుడిని చూసి ధర కొట్టేసేవాడు రేపు అదే సుడిని దాచి ఇంకొకడికి అమ్ముతాడు. దళారికి ఇస్తే గుర్రం చివరికి ఎక్కడ తేలుతుందో మీకు ఎప్పటికీ తెలియదు.

చివరికి జహీరాబాద్ వైపు ఒక రైతు కుటుంబానికి ఇచ్చాను. వాళ్లకు అప్పటికే ఒక గుర్రం ఉంది, అదే నన్ను ఒప్పించింది. గుర్రాలు మందలో బతికేవి, ఒంటరిగా ఉంటే కుంగిపోతాయి. వాళ్లు రావడానికి ముందే నేను వాళ్ల కొట్టం చూడ్డానికి వెళ్లాను. చెప్పాపెట్టకుండా వెళ్లాను, నిజం చెప్పాలంటే. నీళ్ల తొట్టి అడుగు పాకుడు పట్టలేదు. వాళ్ల గుర్రం పక్కటెముకలు చేత్తో తడిమితే తగులుతున్నాయి, కంటికి కనపడట్లేదు. అంతే ఉండాలి. నేను దగ్గరికెళ్తే అది చెవులు వెనక్కి వాల్చలేదు. దెబ్బలు తినే గుర్రం కొత్త మనిషి చెయ్యెత్తితే తల పక్కకు విసురుతుంది. ఆ ఇంటి కూతురు ఇంటర్ చదువుతోంది, రోజూ ఎక్కేది ఆ అమ్మాయే.

వాళ్ల దగ్గర ఏదీ దాచలేదు. గాలి మింగే అలవాటు, టార్పాలిన్ రెపరెపలాడితే బెదరడం, ఎడమ వెనక కాలు ఎత్తడానికి మొరాయించడం అన్నీ చెప్పాను. ధర కొంత తగ్గింది. కానీ తర్వాత తెలిసి మోసం అనుకుంటే ఆ కోపం గుర్రం మీదే పడుతుంది.

కాగితాల విషయం అశ్రద్ధ చేయకండి. ముందుగా గ్లాండర్స్ పరీక్ష. గుర్రాల నుంచి మనుషులకు కూడా సోకే జబ్బు అది, మన దేశంలో 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం కింద ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయాల్సిన వాటిలో ఒకటి. పశువైద్యుడు రక్తం తీసి పంపిస్తే హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో పరీక్ష చేస్తారు. రిపోర్టు రావడానికి టైమ్ పడుతుంది కాబట్టి బేరం కుదిరాక పరిగెత్తకుండా ఇప్పుడే మీ పశువుల ఆసుపత్రిలో అడగండి. బండి ఎక్కించే ముందు ప్రయాణానికి తగిన ఆరోగ్యంతో ఉందని డాక్టరు సర్టిఫికెట్ ఉండాలి. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించారో రాసివ్వండి. బయానా ఎంత, మిగతాది ఎప్పుడు, గుర్రం గుర్తులేంటి అన్నది ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టండి. నేను అందులో ఒక మాట చేర్పించాను: మళ్లీ అమ్మాలనుకుంటే ముందు నన్ను అడగాలి. కోర్టుల దాకా వెళ్లే ఓపిక ఎవరికుంటుంది, కానీ సంతకం పెట్టిన మనిషికి ఆ మాట గుర్తుంటుంది.

పంపే ముందు కొన్ని రోజులు మేత బండిలో పెట్టి ఎక్కడం దిగడం అలవాటు చేశాం. ఎండాకాలం కాబట్టి రాత్రి పూట పంపాం. మేత ఒక్కసారిగా మారితే కడుపునొప్పి వస్తుందని వారానికి సరిపడా జొన్న చొప్ప, ఉలవలు కూడా బండిలోనే వేశాం. కొత్త మేతను అందులో కొంచెం కొంచెం కలుపుతూ పోవాలి.

ఇక్కడ ఒక తమాషా జరిగింది. కాజల్‌కు మా కొట్టంలో ఒక మేక తోడుండేది. పగలంతా దాని కాళ్ల మధ్యే తిరిగేది, రాత్రి పక్కనే పడుకునేది. బండి కదిలే వేళకు కాజల్ నా వైపు చూసి సకిలిస్తుందేమోనని గుండె రాయి చేసుకుని నిలబడ్డాను. అది మేక కోసం సకిలించింది! జహీరాబాద్ ఆయన నవ్వి, దాన్ని కూడా ఇచ్చేయండి, ఎంతో చెప్పండి అన్నాడు. మేకకు డబ్బు తీసుకోలేదు. ఊరికే ఇవ్వకూడదని ఇందాకే రాశాను కదా, అది గుర్రాలకే.

ఏడుపు వస్తుందా అంటే వస్తుంది. మా అమ్మ రెండు రోజులు సరిగ్గా తినలేదు. నాన్నకు మాట తడబడుతుంది, అయినా ఇప్పటికీ ఫోన్లో వీడియో చూపించమని సైగ చేస్తాడు. గుర్రాలు తెలిసిన మనిషిని నెలల తర్వాత కూడా గుర్తుపడతాయని పరిశోధనల్లో కూడా తేలింది, కాబట్టి మిమ్మల్ని మర్చిపోతుందని దిగులొద్దు. కానీ మొదట్లో వెంటనే చూడ్డానికి వెళ్లకండి. కొత్త మనిషి మాట వినడం నేర్చుకునే రోజులవి. నేను దసరాకు వెళ్లాను. ఆ అమ్మాయి ఎక్కి తిప్పి చూపించింది. నన్ను ఎక్కమన్నారు, వద్దన్నాను. కొయ్యను పట్టుకుని గాలి మింగడం తగ్గింది గానీ పూర్తిగా పోలేదట.

మీకు బెంగుళూరు వెళ్లడానికి ఎంత వ్యవధి ఉందో రాయలేదు. రెండు నెలలుంటే ఈ వారమే రక్త పరీక్షకు పంపించి, గిట్టలు చెక్కించి, మీకు తెలిసిన గుర్రాలవాళ్లకు నోటిమాటగా చెప్పడం మొదలుపెట్టండి. ఆన్‌లైన్‌లో ఫొటో పెడితే ముందు వచ్చేది దళారుల ఫోన్లే. అంతకంటే తక్కువ టైమ్ ఉంటే, తొందరపడి ఎవరికో కట్టబెట్టే బదులు ఆ రెండు మూడు నెలలకు స్వారీ నేర్పేవాళ్ల దగ్గర డబ్బు కట్టి ఉంచి, అక్కడినుంచే నిదానంగా అమ్మండి. మీ గుర్రం వయసెంతో, ఎవరైనా ఎక్కితే ఎలా ఉంటుందో కింద రాస్తే ఇంకొంచెం కచ్చితంగా చెప్పగలను.