వంటింటి సందేహాలు: భోగినాడు గోధుమ కలవని వాఫల్స్

ప్రశ్న: మా అక్క మనవరాలికి తొమ్మిదేళ్లు. వాళ్లు బెంగళూరులో ఉంటారు. పాపకు సీలియాక్ వ్యాధి ఉందని, గోధుమ తగలకూడదని నిరుడు వైద్యులు తేల్చారు. ఈ సంక్రాంతికి అందరూ మా ఇంటికి వస్తున్నారు. భోగి మంట వేసుకున్నాక శొంఠి, దాల్చినచెక్క వేసి, యంత్రంలో గళ్ల రేకుల మధ్య కాల్చే వాఫల్స్ వేడివేడిగా తినాలని పాప కోరిక. బియ్యప్పిండితో ఒకసారి చేసి చూస్తే పైన అట్టముక్కలా గట్టిపడి, లోపల పచ్చిగా ఉండిపోయాయి. కొంచెం బొంబాయి రవ్వ కలిపితే కరకరలాడతాయని పక్కింటివారు అంటున్నారు. కలపవచ్చా? మిల్లులో పట్టించిన బియ్యప్పిండి వాడవచ్చా?
— ఒక పాఠకురాలు, కావలి

జవాబు: రవ్వ కలపవద్దు. బొంబాయి రవ్వ గోధుమల నుంచి వచ్చేదే. మైదా, సేమ్యా కూడా అంతే. ఇడ్లీ రవ్వ బియ్యంతో చేసినది కనుక దానితో ఇబ్బంది లేదు గానీ, ఒకే అంగడిలో పక్కపక్క బస్తాల్లోంచి ఒకే చేటతో తీసి తూచే విడి సరుకును మాత్రం నమ్మలేము. కొంచెమే కదా అనే మాట ఈ వ్యాధి విషయంలో చెల్లదు. గోధుమ, బార్లీ, రై ధాన్యాలలో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. పాప పైకి హుషారుగా కనిపించినా లోపల ఆ నష్టం జరుగుతూనే ఉండవచ్చు. ఇది ఈ మధ్య పుట్టిన పథ్యమేమీ కాదు. 1944–45 శీతకాలంలో యుద్ధం వల్ల నెదర్లాండ్స్‌లో రొట్టెకు కరువు వచ్చినప్పుడు ఈ జబ్బుతో బాధపడుతున్న పిల్లలు తేరుకోవడం, మళ్లీ రొట్టె దొరికాక వాళ్లు జబ్బుపడడం చూసి, విల్లెం డికె అనే పిల్లల వైద్యుడు గోధుమపై తనకు అంతకుముందే ఉన్న అనుమానాన్ని బలపరుచుకున్నాడు.

మిల్లు పిండి సంగతి. మీరు ఎంత శుభ్రమైన బియ్యం తీసుకువెళ్లినా, మీకు ముందు వచ్చినవారు గోధుమలు పట్టించి ఉంటే, రాళ్ల మధ్య, గొట్టంలో, కింద కట్టిన గుడ్డ సంచిలో మిగిలిన గోధుమపిండి మీ పిండిలో కలిసే వస్తుంది. మన దేశపు ఆహార ప్రమాణాల ప్రకారం గ్లూటెన్ రహితమని ముద్రించి అమ్మే పదార్థంలో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండరాదు. అంత సన్నని కొలత ముందు మిల్లులో అంటుకున్న పిండి చాలా ఎక్కువ. అందువల్ల మీ కష్టమంతా వాఫల్ చేయడంలో లేదు, కలుషితం కాని పిండిని సంపాదించడంలో ఉంది. దానికి ఖరీదైన పొట్లాలు కొనవలసిన పని కూడా లేదు, ఎందుకంటే అరిసెలకు తడిపిండి పట్టే పద్ధతి మీకు తెలిసినదే.

పాత బియ్యాన్ని ఏరి, కడిగి, నాలుగు గంటలు నానబెట్టి, నీరు వాడ్చి, ఉతికిన గుడ్డపై నీడన ఆరనిచ్చి, చేతికి చెమ్మ తగులుతుండగానే మిక్సీలో మెత్తగా పట్టండి. తరువాత ఆ పిండిని పూర్తిగా ఆరబెట్టి జల్లించండి. నానిన బియ్యం పొడి బియ్యం కంటే సన్నగా నలుగుతుంది కనుక నోటికి ఇసుకలా తగలదు. కొత్త బియ్యాన్ని పొంగలికి ఉంచుకోండి. ఆ పిండి జిగురుగా ఉండి వాఫల్ లోపల ముద్ద కడుతుంది. జల్లెడ మాత్రం కొత్తది కావాలి. ఇన్నాళ్లూ గోధుమపిండి జల్లించిన జల్లెడను ఎంత కడిగినా కన్నాలలో పిండి మిగిలిపోతుంది.

ఇక మీ వాఫల్స్ ఎందుకు పాడయ్యాయన్నది. మైదాలో గ్లూటెన్ సాగే గుణంతో వల అల్లి గాలిని పట్టి ఉంచుతుంది. బియ్యప్పిండికి ఆ శక్తి లేదు. ఒంటరిగా వాడితే గట్టిపడుతుంది, లేదా విరిగిపోతుంది. కాబట్టి రుచికీ రంగుకూ మన మెట్ట పంటలైన జొన్ననో కొర్రనో, కరకరకు సగ్గుబియ్యాన్నీ, పట్టుకు గుడ్డునూ ఇసబ్‌గోల్ పొట్టునూ తోడు తెచ్చుకోవాలి. 240 మిల్లీలీటర్ల కప్పుతో కొలిచి, ఒక కప్పు బియ్యప్పిండికి అర కప్పు జొన్నపిండి, పావు కప్పు సగ్గుబియ్యం పొడి, రెండు చెంచాల బేకింగ్ పౌడరు, ఒక చెంచా ఇసబ్‌గోల్, అర చెంచా ఉప్పు కలపండి. జొన్నలను కూడా ఏరి ఇంట్లోనే పట్టుకోండి. బేకింగ్ పౌడరు డబ్బాపై గోధుమ గంజి అని లేకుండా చూసుకోండి. వేరే గిన్నెలో రెండు గుడ్లు, ఒకటింబావు కప్పు పాలు, రెండు పెద్ద చెంచాల బెల్లం పొడి బాగా గిలక్కొట్టండి. పిండిలో బెల్లం ఇంతకంటే పెంచకండి. తీపి ఎక్కువైతే యంత్రానికి అంటుకుని మాడుతుంది.

మసాలా దినుసులు పొడిగా కాకుండా, పొడి చేయనివి కొని ఇంట్లో కొట్టుకుంటే కల్తీ భయమూ ఉండదు, వాసనా నిలుస్తుంది. ఒక చెంచా శొంఠి పొడి, వేలెడు దాల్చినచెక్క, ఆరు ఏలకులు, మూడు లవంగాలు, ఏడెనిమిది మిరియాలు, చిటికెడు జాజికాయ చాలు. లవంగం పెంచితే నాలుక మొద్దుబారుతుంది. ఈ పొడిని నేరుగా పిండిలో వేయకుండా, నాలుగు పెద్ద చెంచాల నెయ్యి గోరువెచ్చగా కరగబెట్టి అందులో కలిపి అయిదు నిమిషాలు ఉంచండి. ఈ దినుసుల సువాసన నీటికంటే నేతిలోనే బాగా దిగుతుంది. మీరు వాఫల్స్‌లో కోరుకుంటున్న పండుగ వాసనంతా ఈ చిన్న పనిలోనే ఉంది. ఆ తరువాత అన్నీ కలిపి ఇరవై నిమిషాలు నాననివ్వండి. ఇసబ్‌గోల్ నీరు పీల్చుకుని పిండి చిక్కబడుతుంది. గరిటె నుంచి మందంగా, తెగకుండా జారితే సరిపోయినట్లు. మరీ గట్టిగా ఉంటే కొన్ని పాలు పోయండి.

యంత్రం బాగా వేడెక్కి, నీటిచుక్క చిటపటలాడి ఎగిరిపోయే స్థితికి వచ్చాకే నెయ్యి రాసి పిండి పోయాలి. మైదా వాఫల్ కంటే ఇది ఎక్కువ సేపు కాలాలి, అయిదారు నిమిషాలైనా పడుతుంది. పక్కల నుంచి ఆవిరి వస్తున్నంతసేపు మూత ఎత్తకండి. తొందరపడి ఎత్తితే వాఫల్ రెండు పొరలుగా చీలి సగం పైరేకుకు, సగం కిందిరేకుకు అంటుకుంటుంది. మీరు చెప్పిన లోపలి పచ్చికి కూడా చాలావరకు ఈ తొందరే కారణమై ఉంటుంది. తీసినవాటిని పళ్లెంలో ఒకదానిపై ఒకటి పేర్చకుండా తీగల జాలీపై విడివిడిగా ఉంచితే మెత్తబడవు. చల్లారినవాటిని యంత్రంలోనే మళ్లీ వేడి చేయండి. రొట్టెముక్కలు కాల్చే టోస్టరులో పెట్టకండి.

పైన పోసుకోవడానికి తేనె కంటే తాటిబెల్లం పాకమే నాకు ఇష్టం. కప్పు బెల్లానికి అర కప్పు నీరు పోసి కరిగించి, వడకట్టి, వేలికి జిగురు తగిలేవరకు మరిగిస్తే చాలు. అరిసెలకు లాగా ఉండపాకం వరకు పోకూడదు. దించాక పొదలకూరు నిమ్మకాయ అర చెక్క పిండితే తీపి మొహం మొత్తదు, పాకం గడ్డకట్టదు. పక్కన కాస్త వెన్న పెట్టండి. పాపకు అరిసెలు కూడా నిశ్చింతగా పెట్టవచ్చు, అయితే పిండి ఇంట్లో పట్టినదై, వేయించే నూనె కొత్తదై ఉండాలి.

ప్రశ్న: పండుగ పూట మేము గుడ్డు ముట్టము. గుడ్డు లేకుండా, తీపి కాకుండా, ఇంగువ వేసి కారం వాఫల్స్ చేయవచ్చా?
— ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: నిక్షేపంగా చేయవచ్చు. గుడ్డు చేసే పనిని మన ఇళ్లలో మినపప్పు ఎప్పటినుంచో చేస్తోంది; ఇడ్లీ గోధుమ లేకుండానే పొంగడానికి దాని జిగురే ఆధారం. అర కప్పు మినపగుళ్లు మూడు గంటలు నానబెట్టి, చల్లని నీళ్లు చిలకరిస్తూ నురగలా రుబ్బి, కప్పున్నర బియ్యప్పిండి, ఉప్పు కలిపి రాత్రంతా పులియనివ్వండి. పుష్యమాసపు చలికి పిండి త్వరగా పొంగదు కనుక సాయంత్రమే కలిపి, గిన్నెను దుప్పటి చుట్టి ఉంచాలి. పొద్దున రెండు పెద్ద చెంచాల నూనె, మిరియాలు, జీలకర్ర, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు చేర్చి కాల్చండి. పిండి ఇడ్లీ పిండంత గట్టిగా ఉండాలి, దోసెల పిండిలా జారితే కరకర రాదు. పప్పులలో అక్కడక్కడ గోధుమగింజలు కలిసి ఉంటాయి కనుక నానబోసే ముందు చేటలో ఏరడం మానకండి.

ఇంగువతోనే అసలు చిక్కు. అంగళ్లలో దొరికే ఇంగువ చాలావరకు శుద్ధమైనది కాదు. అందులో గోధుమపిండో మైదానో కలిపి ఉంటుంది. డబ్బాపై పదార్థాల పట్టికలో బియ్యప్పిండి లేదా తుమ్మ జిగురు కలిపినట్లు రాసి, గ్లూటెన్ రహితమని ముద్ర ఉన్నదే కొనండి. అది దొరకకపోతే వెల్లుల్లి వేసుకోండి, లేదా ఇంగువ మానేయండి.

ప్రశ్న: మా వాఫల్ యంత్రంలో ఇంతకుముందు మైదా వాఫల్స్ చేశాము. కడిగి వాడవచ్చా? లేదంటే యంత్రం లేకుండా ఎలా?
— ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: సీలియాక్ వ్యాధి ఉన్నవారికైతే వాడవద్దు. గళ్ల మూలల్లో, రేకుల కీలు దగ్గర మాడి అంటిన పిండి కడిగితే పోదు, పైగా చాలా యంత్రాలను నీటిలో ముంచడానికి కూడా వీలుండదు. కొత్త యంత్రం కొనే ఉద్దేశం లేకపోతే పొంగణాల పెనం తీసుకోండి. అందులో ఎన్నడూ రవ్వ పొంగణాలు పోసి ఉండకూడదు. పై రెండు పిండ్లలో ఏదైనా గుంతకు ముప్పావు వంతు పోసి, సన్నని సెగపై మూతపెట్టి కాల్చి, తిరగేసి, మూత లేకుండా మరో రెండు నిమిషాలు ఉంచితే అంచులు కరకరలాడతాయి. గళ్లు రావు గానీ రుచిలో తేడా ఉండదు. ఆ పూట మిగిలినవారికి పూరీలు చేయాలనుకుంటే, ముందు ఇవి కాల్చి మూతపెట్టి పక్కన ఉంచిన తరువాతే గోధుమపిండి డబ్బా తెరవండి. పూరీలు వేయించిన నూనెలో సీలియాక్ ఉన్నవారికి గారెలు వేయకండి.