రిప్లై: క్వయర్‌లో అసూయ, ప్రార్థన చేసినా పోవట్లేదు

సిస్టర్, చర్చి పాటల బృందంలో మీ పక్కనావిడకి సోలో ఇచ్చారని ఆరాధనలో కూడా కడుపు మండిపోతోంది అన్నారు కదా, నాకూ అయింది. నేను చేసిన తప్పేంటంటే "ప్రభువా ఈ అసూయ తీసెయ్" అని గంటసేపు దాని గురించే ప్రార్థించడం, దాంతో అదే ఇంకా బుర్రలో తిరిగేది. తర్వాత ఆమె పేరు పెట్టి ఆమె గొంతు బాగుండాలని అడగడం మొదలెట్టా, మొదటి వారమంతా పళ్ళు కొరుక్కుంటూనే లెండి. బైబిల్లో 73వ కీర్తన చదవండి, అది రాసిన ఆసాపు కూడా మత్సరపడ్డానని దేవుడి ముందే ఓపెన్‌గా ఒప్పేసుకున్నాడు, పరిశుద్ధ స్థలంలోకి వెళ్ళాకే, అంటే 17వ వచనంలో, చూపు మారింది. శోధన, అంటే అలాంటి చెడు ఆలోచన, రావడం పాపం కాదు, కూర్చోబెట్టి మేపితేనే ప్రాబ్లం, సౌలు రాజు దావీదు మీద అసూయతో చేసిందదే, 1 సమూయేలు 18 చూడండి. ఆమె స్టేటస్‌లు మాత్రం కొన్నాళ్ళు మ్యూట్ చేసేయండి.