కుర్చీలోంచి లేవలేని అత్తగారికి వ్యాయామం చేయించవచ్చా?

ప్రశ్న: మా అత్తగారి వయసు 79 ఏళ్లు, బరువు 46 కిలోలు. రెండు నెలల క్రితం న్యుమోనియాతో పది రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. జబ్బు తగ్గింది కానీ, అప్పటినుంచి కుర్చీలోంచి లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యి అందించాల్సి వస్తోంది. ఆవిడ పూర్తి శాకాహారి. చారన్నం, మజ్జిగన్నం తప్ప మరేదీ సయించదంటారు. పడిపోతారేమోనన్న భయంతో అన్నీ మంచం దగ్గరికే అందిస్తున్నాం. ఈ వయసులో వ్యాయామం చేయించవచ్చా? ఆహారంలో ఏం మార్చాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: చేయించవచ్చు, చేయించాలి కూడా. మీరు ప్రేమతోనే అన్నీ మంచం దగ్గరికి అందిస్తున్నారు గానీ, ఆ విశ్రాంతే ఇప్పుడు ఆవిడ కాళ్లను మరింత బలహీనపరుస్తోంది. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను పది రోజులపాటు మంచం మీదే ఉంచి చూసిన ఒక అమెరికన్ అధ్యయనం 2007లో వెలువడింది. ఆ పది రోజుల్లోనే వారి కాళ్లలో దాదాపు ఒక కిలో కండ తరిగిపోయింది. జ్వరంతో, తిండి సయించక పడుకున్న మీ అత్తగారు ఎంత కోల్పోయి ఉంటారో దీన్నిబట్టి ఊహించవచ్చు.

పోయిన బలం ఆ వయసులో తిరిగి వస్తుందా అన్న సందేహానికి 1994లోనే సమాధానం దొరికింది. బోస్టన్‌లోని ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో సగటున 87 ఏళ్ల వయసున్న వందమందిని ఎంచుకుని, కొందరితో వారానికి మూడు రోజులు కాళ్లకు బరువుల వ్యాయామం చేయించారు. కొందరికి పోషక పానీయం మాత్రమే ఇచ్చారు. కొందరికి రెండూ ఇచ్చారు. పది వారాల తర్వాత చూస్తే, వ్యాయామం చేసినవారి కండరాల బలం రెట్టింపును మించి పెరిగింది, నడక వేగం సుమారు 12 శాతం హెచ్చింది. పానీయం మాత్రమే తాగినవారిలో అటువంటి మార్పేమీ కనిపించలేదు. డబ్బాల కొద్దీ పొడులు కొని తెచ్చి, మనిషిని మాత్రం మంచం మీదనుంచి కదలనివ్వని ఇళ్లను ఎన్నో చూస్తున్నాను కనుక ఈ విషయాన్ని గట్టిగా చెబుతున్నాను: కండరానికి పని చెప్పకుండా ఆహారం ఒక్కటే బలాన్ని తేలేదు.

మొదలుపెట్టే ముందు ఒకసారి వైద్యుణ్ణి కలవండి. గుండె పరిస్థితి, రక్తపోటు, నిలబడగానే రక్తపోటు పడిపోతోందా అన్నది, రక్తహీనత, థైరాయిడ్, విటమిన్ డి, శాకాహారి కనుక బి12 కూడా చూపించడం మంచిది. నీరసానికి వీటిలో ఏదైనా కారణమైతే దానికి చికిత్స కూడా జరగాలి.

ఆ తర్వాత చేయించవలసినవాటిలో ముఖ్యమైనది కుర్చీలోంచి లేచి కూర్చోవడమే. చేతులున్న గట్టి కుర్చీని గోడకు ఆనించి వేయండి. ఎత్తు చాలకపోతే దుప్పటి మడతపెట్టి వేయండి, ఎందుకంటే ఎత్తు పెరిగేకొద్దీ లేవడం తేలికవుతుంది. మీరు పక్కనే నిలబడండి, కానీ చెయ్యి పట్టి లేపకండి. ఆవిడే కుర్చీ చేతుల మీద బరువు మోపి లేవాలి, కూర్చునేటప్పుడు ధబాలున పడకుండా నెమ్మదిగా దిగాలి. మొదట ఐదుసార్లు చేయగలిగితే చాలు. పది సార్లు సులువుగా చేయగలిగిన రోజున దుప్పటి మడత ఒకటి తీసివేయండి, ఆ తర్వాత చేతుల ఆసరా తగ్గించండి. దీనికి తోడు, కుర్చీలో కూర్చుని మోకాలు పూర్తిగా చాచడం (కొన్నాళ్లకు చీలమండకు అరకిలో ఇసుక సంచి కట్టి), వంటగట్టు పట్టుకుని నిలబడి మడమలు ఎత్తడం చేయించండి. ఊపిరి బిగపట్టనివ్వవద్దు. ఒకరోజు విడిచి ఒకరోజు, వారానికి మూడుసార్లు సరిపోతుంది. చివరి రెండుసార్లు కష్టంగా అనిపించాలి. ఎప్పుడూ తేలిగ్గానే ఉంటే బలం పెరగదు. మర్నాడు తొడలు కాస్త నొప్పిగా ఉండడం సహజం. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, కీలు వాయడం వంటివి కనిపిస్తే మాత్రం ఆపి వైద్యుడికి చూపించాలి.

ఇక ఆహారం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్దలకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ సిఫార్సు చేసింది. వృద్ధులకు 1 నుంచి 1.2 గ్రాములు, జబ్బుపడి కోలుకుంటున్నవారికి మరికొంత ఎక్కువ అవసరమని వృద్ధుల పోషణను అధ్యయనం చేసిన నిపుణులు చెబుతున్నారు. ఆ లెక్కన మీ అత్తగారికి రోజుకు సుమారు 55 గ్రాములు కావాలి. పప్పు తేటతో కాచిన చారులోను, పలచని మజ్జిగలోను ప్రొటీన్ చాలా తక్కువ. ఇప్పుడు ఆవిడకు ఆ 55 గ్రాముల్లో సగమైనా అందుతోందా అన్నది అనుమానమే.

అలవాటైన రుచుల్లోనే దీన్ని సరిదిద్దవచ్చు. ఉదయం 50 గ్రాముల పెసలతో వేసిన పెసరట్టు, ఒక గ్లాసు పాలు ఇస్తే దాదాపు 18 గ్రాములు అందుతాయి. మధ్యాహ్నం అన్నంలోకి చారుకు బదులు ముద్దపప్పు, మజ్జిగకు బదులు గట్టి పెరుగు పెట్టండి. సాయంత్రం పుట్నాల పొడి గాని వేరుశనగ ఉండ గాని ఇవ్వవచ్చు. రాత్రి 20 గ్రాముల మీల్‌మేకర్‌ను నానబెట్టి, మెత్తగా రుబ్బి కూరలో కలిపితే పది గ్రాములు వస్తాయి, నమలలేనివారికీ ఇబ్బంది ఉండదు. మొత్తం ఒక్క పూటే పెట్టకుండా మూడు పూటలకూ పంచడం మేలు. ఆకలి మందంగా ఉన్నవారు ముందు చారన్నం తింటే కడుపు నిండిపోతుంది కనుక, పప్పన్నం, పెరుగన్నం తిన్న తర్వాతే చారు ఇవ్వండి.

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్లు, పదిహేనేళ్లుగా షుగర్ ఉంది. ప్రొటీన్ ఎక్కువైతే కిడ్నీలు పాడవుతాయంటున్నారు. నిజమేనా? ప్రొటీన్ పొడి వాడవచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: కిడ్నీలు బాగా పనిచేస్తున్నవారికి పైన చెప్పిన మోతాదు హాని చేయదు. అయితే ఇన్నేళ్ల షుగర్ ఉన్నవారు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపవలసిన వ్యర్థ పదార్థం), ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంకె), మూత్రంలో ఆల్బుమిన్ (కిడ్నీలు దెబ్బతింటే మూత్రంలోకి కారే ప్రొటీన్) పరీక్షలు చేయించిన తర్వాతే ఆహారం మార్చాలి. ఈజీఎఫ్ఆర్ 30 కన్నా తక్కువ ఉండి డయాలసిస్ చేయించుకోనివారు వైద్యుడు చెప్పిన పరిమితిలోనే ప్రొటీన్ తీసుకోవాలి. డయాలసిస్ చేయించుకుంటున్నవారికి మాత్రం అది ఎక్కువే కావాలి. ఇన్సులిన్ గాని, షుగర్‌ను బాగా తగ్గించే మాత్రలు గాని వాడుతుంటే, బరువుల వ్యాయామం ఖాళీ కడుపుతో చేయనివ్వవద్దు. భోజనంతో అవసరం తీరనప్పుడే పొడి గురించి ఆలోచించండి. కొనే ముందు డబ్బా మీద ముద్రించిన వివరాల్లో వంద గ్రాములకు ప్రొటీన్ ఎంత ఉందో, చక్కెర ఎంత ఉందో చదవండి. ప్రొటీన్ కన్నా చక్కెరే ఎక్కువగా ఉన్న పొడి మీ నాన్నగారికి పనికిరాదు.